విస్తరి సాఫ్ట్‌వేరు చేసిన అబ్బులు

మా బావమరిది అబ్బులు గొప్పవాడని ఈ చుట్టుపక్కల అందరూ అంటారు. అననివాణ్ణి నేనొక్కణ్ణే. వాడి పేరు పైకి వచ్చిన ప్రతిసారీ కిందికి దిగింది నా పేరు మరి.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. మాది గరివిడి పక్కన పల్లె. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. అరవై తొమ్మిదిలో విశాఖ పోర్టులో ఖలాసీగా చేరి, క్రేను నడిపి, ఫోర్‌మేన్ దాకా ఎదిగాను. మల్కాపురంలో మా కాలనీకి మంచినీళ్ళ పైపు తెచ్చింది నేను. వీధి దీపాలు వేయించింది నేను. అన్నిటికంటే పెద్ద పేరు వచ్చింది మాత్రం భోజనాల పట్టీలో. పెళ్ళి గానీ, పెద్దకర్మ గానీ, ఎంతమంది వస్తారో చెబితే చాలు, బియ్యం దగ్గర్నుంచి ఇంగువ దాకా ఎంతెంత కావాలో నోటితో చెప్పేవాణ్ణి. రామాలయం ప్రతిష్ఠనాడు మూడు వేల విస్తళ్ళు లేచాయి. ఆఖరి పంక్తికి కూడా సాంబారు అందింది, గుండిగ అడుగున గరిటెడు మిగిలింది. వంటమేస్త్రి వీర్రాజు ఆ రోజు నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

అబ్బులు మా ఆవిడ ధనలక్ష్మికి తమ్ముడు. స్టీల్ ప్లాంటు స్టోర్సులో గుమస్తా. తొంభై ఆరులో, నలభై దాటాక, ద్వారకానగర్‌లో సాయంత్రం పూట కంప్యూటర్ క్లాసులకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ తరువాత పాత కంప్యూటర్ ఒకటి కొని, ఉక్కునగరం క్వార్టర్లో కుట్టుమిషను తీయించి ఆ చోట పెట్టాడు. మొదట కేబుల్ టీవీ వాళ్ళకి బిల్లుల లెక్కకో కంప్యూటర్ ప్రోగ్రాం రాసిచ్చాడు. తరువాత అద్దె పుస్తకాల షాపుకి ఒకటి మొదలుపెట్టాడు గానీ, అది పూర్తయ్యేలోపు ఆ షాపే మూసేశారు. నాకు నవ్వు ఆగలేదు.

మూడోదానికి వాడు నా దగ్గరికి వచ్చాడు. "బావా, వంద మందికి కందిపప్పు ఎంత?" అని అడిగేవాడు. "మాంసం ఉంటే ఎంత? లేపోతే ఎంత?" అనేవాడు. నా మీద గౌరవం కొద్దీ అడుగుతున్నాడనుకుని అన్నీ చెప్పాను. తొంభై తొమ్మిదిలో ఒక ఆదివారం నన్ను పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. మనుషుల సంఖ్య కొడితే చాలు, సరుకుల పట్టీ మొత్తం తెర మీదికి వచ్చేస్తోంది. పేరు 'విస్తరి' అట.

"ఎలగుంది బావా?"

ముప్ఫై ఏళ్ళు పొగ మింగి, గుండిగల పక్కన నిలబడి నేర్చుకున్న నా లెక్క అది. ఇప్పుడు ఎవడైనా ఒక మీట నొక్కి తెచ్చుకోవచ్చు. నా ఒళ్ళు మండిపోయింది.

"అంతా ఇంగిలీసులో ఉందేట్రా? మన వీర్రాజు ఏ కాలేజీలో సదివినాడని?" అన్నాను.

వాడు బుర్ర గోక్కున్నాడు. నెల తిరక్కుండానే ఆ పట్టీ తెలుగు అక్షరాల్లో వచ్చింది.

విస్తరి ఎక్కించిన మొదటి ఫ్లాపీని పూజకని, కొత్త బళ్ళకి పూజలు చేయించే సంపత్ వినాయక గుడికి పట్టుకెళ్ళాడు. బళ్ళ వరసలో చేతిలో ఫ్లాపీతో నిలబడితే పూజారి అటూ ఇటూ తిప్పి చూశాడట. "సక్రాలేవి నాయనా? నిమ్మకాయ దేని కింద ఎట్టాల?" అన్నాడట. ఆ మాట నేను పోర్టులో ప్రతి గ్యాంగుకీ చెప్పి నవ్వించాను. ఈలోగా వాడు ఆదివారాలు బస్సెక్కి వన్ టౌన్ వెళ్ళి, హోల్‌సేల్ కిరాణా షాపులు తిరిగి విస్తరి అమ్ముకొచ్చాడు. శుభకార్యానికి సరుకులు కొనేవాళ్ళకి షాపువాడే అక్కడికక్కడ పట్టీ తీసి ఇస్తున్నాడు. మా ఇంటికి వచ్చేవాళ్ళు తగ్గారు.

ఒకసారి మాత్రం నా మనసు చల్లబడింది. కూర్మన్నపాలెంలో ఒక గృహప్రవేశానికి విస్తరి పట్టీ మీద వండారు. బీ షిఫ్టు దిగి పది దాటాక వచ్చిన ప్లాంటు వాళ్ళకి అన్నం లేకుండా పోయింది. మర్నాడు ఆ ఇంటాయన వచ్చింది నా దగ్గరికే. నేను నేరుగా అబ్బులు క్వార్టరుకి వెళ్ళి, వాడి పెళ్ళాం ముందే కడిగేశాను.

"ప్లాంటులో పని సేత్తన్నావు, షిఫ్టులుంటాయని తెలీదేట్రా? డూటీ దిగినోడు ఇద్దరి కూడు తింటాడు. నీ కంప్యూటరుకి ఆకలెయ్యదు, దానికేటి తెలుస్తాది!"

"నిజమే బావా," అన్నాడు, అంతే. కోపం కూడా రాలేదు. తరువాతి విస్తరి షిఫ్టుల వారీగా ఎంతమంది వస్తారో అడగడం మొదలుపెట్టింది. నేను ఎగతాళి చేసిన ప్రతి తప్పూ దిద్దుకుని ఆ ప్రోగ్రాం బలిసింది. నోరు మూసుకుందామంటే నా వల్ల కాలేదు.

రెండు వేల రెండులో వాడు ఉద్యోగమే వదిలేశాడు. ఇక ఇల్లు గడిచినా గడవకపోయినా విస్తరితోనే. గాజువాకలో మూడు ఫంక్షన్ హాళ్ళు నడిపే శ్రీరామ్మూర్తి ఆశ పెట్టాడు. "ఎక్కడైనా ఒక పెద్ద ఫంక్షన్లో నా కళ్ళతో చూస్తాను. లెక్క కుదిరితే మూడు హాళ్ళకీ తీసుకుంటాను" అన్నాడు.

ఆ మరుసటి మే నెలలోనే నా రిటైర్మెంటు. కాలనీ కమ్యూనిటీ హాల్లో ఐదు వందల మందికి విందు.

ధనలక్ష్మి నన్ను బతిమాలింది. "పట్టీ తమ్ముడికి ఒగ్గీండి. శ్రీరామ్మూర్తి గారొత్తారట. ఆడి బతుకు దీని మీదే ఉంది."

"నా రిటైర్మెంటుకి నా పట్టీ కాకుండా ఇంకోడి పట్టీయా?" అన్నాను.

అయినా అబ్బులు కాగితం తెచ్చాడు. చూస్తే బియ్యం తక్కువ, పంచదార తక్కువ, బూరెలు మనిషికి ఒకటి కూడా పడవు.

"ఇదేట్రా? మా గ్యాంగోళ్ళు తలా ఆరు బూరెలు తింటారు!"

"వచ్చేవోళ్ళ వయసు కూడా అడుగుతాది బావా ఇప్పుడు. నీ ఈడోళ్ళే కదా ఎక్కువమంది..."

"నాను సచ్చిపోనేదు ఇంకా!" అని కాగితం వాడి జేబులోనే కుక్కేశాను. వీర్రాజు నా వంకా వాడి వంకా చూశాడు. "మీ మాటే కానీండి ఫోర్‌మేన్ గారూ" అని నా పట్టీ మీదే సరుకులు తెచ్చాడు.

ఆ రోజు సన్మానం బాగా జరిగింది. మెడలో దండ తియ్యకుండానే పంక్తుల మధ్యకి వెళ్ళాను. ఒకప్పుడు నాతో పందేలు కట్టి తిన్నవాళ్ళంతా వరసగా కూర్చున్నారు. వడ్డించే అసిరమ్మ బూరెల బుట్ట పట్టుకుని వస్తుంటే ఒక్కొక్కరూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెడుతున్నారు.

"ఒద్దమ్మా, సుగరు."

"నాకు సగం సాలు, మా ఆడది సూత్తంది."

"అన్నం కూడా గరిటెడే ఎయ్యి. డాట్రు రొట్టె తినమన్నాడు."

పంక్తులన్నీ లేచాయి. బీ షిఫ్టు వాళ్ళు కూడా తిని వెళ్ళారు. వంటశాలలో రెండు గుండిగల అన్నం అలాగే ఉంది. బూరెలు బుట్టల కొద్దీ మిగిలాయి. నేనూ, అబ్బులూ, వీర్రాజూ వాటి ముందు నిలబడి ఉండగా శ్రీరామ్మూర్తి లోపలికి వచ్చాడు. గుండిగల మూతలు ఎత్తి చూశాడు.

"ఏమయ్యా అబ్బులూ, ఇదేనా నీ విస్తరి చెప్పిన లెక్క?"

వీర్రాజు నోరు తెరవబోతే అబ్బులు వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. నా మెడలో దండ వైపు ఒకసారి చూశాడు.

"అవునండి. నా ప్రోగ్రామే తప్పు సెప్పింది. దిద్దుతాను."

శ్రీరామ్మూర్తి పెదవి విరిచి వెనక్కి తిరిగాడు. నా పరువు కోసం వాడు మూడు హాళ్ళూ వదిలేసుకుంటున్నాడు. వీర్రాజు చూశాడు. గుమ్మంలో నిలబడి ధనలక్ష్మి కూడా చూసింది. తమ్ముణ్ణి ఆమె చూసిన చూపు నా వైపు ఎన్నడూ తిరగలేదు. నా లెక్క పట్టుకెళ్ళాడు, నా పేరు పట్టుకెళ్ళాడు. ఇప్పుడు నా తప్పు కూడా మోసి, ఆ మంచితనం కూడా వాడే పట్టుకుపోతాడా? రేపటి నుంచి నేను వాడి దయ మీద పెద్దమనిషిననిపించుకోవాలా?

"ఆగండి శ్రీరామ్మూర్తి గారూ!" అని అరిచాను. "పట్టీ నాది. ఈడి కాగితం ఈడి జేబులోనే ఉంది. తీసి సూసుకోండి."

"బావా, నువ్వూరుకో..."

"నువ్వూరుకోరా! నా తప్పు మొయ్యడానికి నువ్వెవడివి?"

శ్రీరామ్మూర్తి ఆ కాగితం తీయించి, వీర్రాజుని పక్కన పెట్టుకుని, ఖర్చయిందీ మిగిలిందీ ఒక్కొక్కటీ సరిచూశాడు. తరువాత అబ్బులు భుజం మీద చెయ్యి వేసి హాల్లోకి తీసుకెళ్ళాడు. సన్మానానికి నన్ను కూర్చోబెట్టిన కుర్చీలోనే వాణ్ణి కూర్చోబెట్టి, మూడు హాళ్ళ సంగతి మాట్లాడాడు. మా గ్యాంగు వాళ్ళు కూడా నన్ను దాటుకుని వెళ్ళి వాడి చుట్టూ చేరారు. నేను దండ తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఎవరూ చూడలేదు.