దమయంతి కొన్న రెండో భాగం టికెట్

అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో దమయంతి మెస్ తెలియనివాళ్లు తక్కువ. గ్రూప్స్ పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు పదిహేడేళ్లుగా ఆమె చేతి పప్పుచారు తిని చదువుకుంటున్నారు. కొందరు ఉద్యోగం కొట్టి స్వీటు డబ్బాతో వచ్చి దండం పెడతారు. కొందరు "ఇంకొక్క నోటిఫికేషన్ చూస్త అక్కా" అని ఉండిపోతారు. ఇద్దరికీ ఆమె వడ్డించేది ఒక్కతీరే.

ఆమెకు నాటకాలంటే ప్రాణం. చిక్కడపల్లిలో నాటకాలాడే హాలు మెస్‌కు పది నిమిషాల నడక. అక్కడ చాలా ప్రదర్శనలకు టికెట్ ఉండదు, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. సాయంత్రం కూరలు దించేసి, చీర మార్చుకుని, ఆరున్నరకల్లా వెళ్లి తలుపు పక్క కుర్చీలో కూర్చునేది. ఏడున్నర కాగానే లేచేది. ఎనిమిదికి పిల్లలు పళ్లేలు పట్టుకుని నిలబడతారు మరి. "నేను పెడత తియ్" అని భర్త విద్యాసాగర్ ఎన్నిసార్లన్నా ఆమెకు నమ్మకం కుదరలేదు. ఆయన గరిటె పడితే ముందొచ్చిన పదిమందికి కూర దండిగా పడుతుంది, ఆఖర్న వచ్చినవాళ్లకు గిన్నె అడుగు కనిపిస్తుంది.

అలా ఆమె ఎన్నో నాటకాల మొదలు చూసింది. ఒక్కదాని చివర కూడా చూడలేదు. మర్నాడు పాలకు వెళ్తూ హాలు వాచ్‌మన్ బాలప్పను ఆపి అడిగేది.

"అన్నా, రాత్రి ఆఖర్కి ఏమైంది? ఆ పిల్ల వాపస్ వచ్చిందా?"

"వచ్చిందక్కా. అందరు కలిసిన్రు."

బాలప్ప చెప్పే ప్రతి నాటకంలోనూ అందరూ కలిసేవారు. తండ్రి చచ్చిపోయిన నాటకంలో ఆ తండ్రి కూడా కలిశాడని చెప్పినప్పుడు ఆమెకు గట్టి అనుమానమే వచ్చింది.

ఈ ఏడు వానాకాలంలో హాలు గోడ మీద కొత్త పోస్టరు పడింది. 'నడిమి గోడ'. రెండు భాగాలు. శనివారం మొదటిది, ఆదివారం రెండోది. ఏ రోజు టికెట్ ఆ రోజుదే. దమయంతి పోస్టరు ముందు నిలబడి ఆలోచించింది. రెండు భాగాల నాటకంలో కూడా మధ్యలో లేచొస్తే ఇక చూసిందేముంటుంది? ఇంటికి వచ్చి, ఉల్లిపాయలు తరుగుతున్న భర్త ఎదుట కూర్చుంది.

"శనివారం, ఆదివారం రాత్రి నేనుండ. నువ్వే పెట్టాలె."

విద్యాసాగర్ కత్తి పక్కన పెట్టాడు. "నిజంగనా?"

"నిజంగనే. ఆఖరోళ్లకు కూర మిగలాలె, గంతే."

మర్నాడు పది గంటలకు హాలు దగ్గరకు వెళ్లింది. వరండాలో మడత టేబుల్ వేసుకుని ఒక అమ్మాయి టికెట్లు ఇస్తోంది. దమయంతికి ముందు ఒకే ఒక్క మనిషి ఉన్నాడు. డెబ్బై దాటిన పెద్దాయన, చంకలో గొడుగు. ఆయన తప్పుకోగానే ఈమె ముందుకు జరిగింది.

"రెండు దినాలకు ఒక్కొక్కటి ఇయ్యమ్మా."

"శనివారానివి అయిపోయినయ్ ఆంటీ. ఆన్‌లైన్లనే మొత్తం పోయినయ్. ఉన్న ఒక్కటి ఇప్పుడే ఆ సార్‌కిచ్చిన. ఆదివారానివి ఉన్నయ్."

పదిహేడేళ్లకు ఒకసారి గరిటె వదిలితే, ఇదా! మొదలు లేని చివర చూసి ఏం చెయ్యను అనుకుంది దమయంతి. అయినా చెయ్యి వెనక్కు రాలేదు. ఆదివారం టికెట్ తీసుకుంది.

మెట్ల మీద ఆ పెద్దాయన ఆగి ఉన్నాడు. "అమ్మా, మీ టికెట్ నేను లాక్కున్నట్టయింది. కావాలంటే ఇది మీరు తీసుకోండి."

"వద్దు సార్. ముందుగాల మీరే వచ్చిన్రు."

"అయితే ఒక పని చేద్దాం. నా పేరు వీరరాఘవరావు, నల్లకుంటలో ఉంటాం. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాను. మా ఆవిడ సుబ్బలక్ష్మికి నాటకమంటే గిట్టదు, చూసొచ్చింది చెబుదామన్నా వినదు. శనివారం నేను చూసి, ఆదివారం మధ్యాహ్నం మీకు పూస గుచ్చినట్టు చెబుతాను. మీ ఇల్లెక్కడ?"

ఆమె మెస్ గుర్తులు చెప్పింది కానీ, పెద్దమనిషి మాటవరసకు అన్నాడనుకుంది.

ఆదివారం మూడు గంటలకు ఆయన గొడుగు దులుపుకుంటూ మెస్ గుమ్మంలో నిలబడ్డాడు. దమయంతి కంగారుగా కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. బల్ల మీది మంచినీళ్ల గ్లాసులు అన్నీ తీసుకుని నడుమ వరసగా పేర్చాడు.

"ఇదీ గోడ. ఇటు అక్క, అటు చెల్లెలు. ఒకే వాకిలి, ఒకే బావి. తండ్రి పోయిన మూడో నెలలో అక్క మేస్త్రీని పిలిచింది."

ఇంక ఆయన ఆగలేదు. అక్కలా నడుము మీద చెయ్యి పెట్టుకున్నాడు, చెల్లెలిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టు కండువా పెట్టుకున్నాడు. మేస్త్రీ పాత్రకు బీడీ కూడా వెలిగించినట్టు నటించాడు. పై గదుల్లో చదువుకుంటున్న పిల్లలు చప్పుడుకి దిగివచ్చి మెట్ల మీద కూర్చున్నారు. అందులో తన్మయి అనే అమ్మాయి పుస్తకం మూసేసి, "తర్వాత ఏమైంది తాతయ్యా?" అంది.

"చెల్లెలు గోడ మీద చెయ్యి ఆనించి నిలబడింది. తెర పడింది. రాతి గుండె అమ్మా ఆ అక్కది!"

సాయంత్రం ఇద్దరూ కలిసి నడిచి వెళ్లారు. రెండో భాగంలో ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. గోడకు పెచ్చులూడాయి. దమయంతి ఏడున్నరకు అలవాటు కొద్దీ గడియారం చూసుకుంది, మళ్లీ సర్దుకుని కూర్చుంది. చివరి రంగంలో చెల్లెలు వచ్చి పిలిచినా అక్క గోడ ఇవతలే ఉండిపోయింది. ఎవరూ కలవలేదు. దీపాలు ఆరి వెలిగాయి, నటులు వరసగా నిలబడి నమస్కరించారు. దమయంతి చప్పట్లు కొడుతూనే ఏడ్చింది.

బయట సన్నగా తుంపర పడుతోంది. వీరరాఘవరావు గొడుగు విప్పాడు. "చూశారా! ఆఖరికి కూడా కరగలేదు మహాతల్లి."

"గట్లనకుండ్రి సార్. అన్నం తినే టైముకు ఆమె రెండు పళ్లేలు పెట్టింది, చూళ్లేదా మీరు? మళ్ల ఒకటి తీసి బోర్లించింది. రెండు సార్లు చేసింది గట్ల."

ఆయన నడక ఆపేశాడు. "రెండు పళ్లేలా? ఎప్పుడు?"

"చెల్లె బిడ్డ పెండ్లి కబురు వచ్చినప్పుడు ఒకసారి. బావి పూడ్పిచ్చినప్పుడు ఒకసారి. రోజూ వంద పళ్లేలు పెట్టేదాన్ని, నాకు కనపడకుంటదా?"

"అంటే మధ్యాహ్నం నేను మీకు తప్పు కథ చెప్పానేమో," అన్నాడాయన. "మొదటి భాగంలోనూ ఏవో పళ్లేలు ఉన్నట్టే గుర్తు. నేను మాటలే విన్నాను. మళ్లీ ఆడితే నేను మాటలు వింటాను, మీరు చేతులు చూడండి."

"వచ్చే నెల విజయవాడోళ్ల నాటకం ఉందంట సార్. బాలప్పన్న చెప్పిండు."

"రెండు టికెట్లు ఇప్పుడే చెప్పి పెడదాం పదండి. ఆన్‌లైన్ వాళ్ల కంటే ముందే."

ఆమె మెస్‌కు చేరేసరికి తొమ్మిది దాటింది. గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. తన్మయి ఎదురొచ్చింది. "కూర అందరికీ వచ్చింది అక్కా. అంకుల్ చెంచాతో కొలిచి పెట్టిండు. ఒక్కరిని రెండోసారి అడగనియ్యలేదు!"

విద్యాసాగర్ గుమ్మంలో నిలబడి గర్వంగా చూస్తున్నాడు. దమయంతి నవ్వు ఆపుకోలేక అరుగు మీద కూర్చుండిపోయింది. ఆ వారంలోనే మెస్ తలుపుకు చాక్‌పీసుతో రాసిన పలక వేలాడింది. నెలలో ఒక ఆదివారం రాత్రి వడ్డన విద్యాసాగర్‌ది.