అందరు మెచ్చుకున్న నా రక్తం

కాలేజీల అర్ధ సంవత్సరం పరీక్షలు నడుస్తున్నయి. నేను సిద్దిపేటల ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీల సివిక్స్ చెప్త. ఆ పొద్దు నాకు ఇన్విజిలేషన్ పడ్డది. పేపర్లు పంచి కుర్చీల కూసున్న. ఆ తర్వాత నాకు యాదికున్నది ప్రిన్సిపాల్ గొంతే.

"మేడం, మీరు పిల్లల్ని చూస్తున్నరా, పిల్లలే మిమ్మల్ని చూస్తున్నరా?"

హాలంత గొల్లుమన్నది. వెనుక నుంచి ఒక పోరడు, "లేపకుండ్రి సార్, ఇంక రెండు ప్రశ్నలున్నయి" అన్నడు.

నవ్వొచ్చే ముచ్చటే. నాకు మాత్రం భయమైంది. ముందు రోజు తొందరగనే పండుకున్న, నిండ నిద్రపోయిన అనుకున్న. అయినా కుర్చీల కూసున్నంతల కన్ను మూతపడ్డదంటే ఏందో తేడా ఉన్నట్టే. అప్పటికి కొన్ని నెలల సంది పొద్దుగాల లేస్తే తల మీద బండ పెట్టినట్టు ఉండేది. నోరు ఎండిపోయేది. అద్దంల చూసుకుంటే మొఖం ఎర్రగ ఉబ్బి ఉండేది. "మేడం కలర్ వచ్చింది" అని స్టాఫ్ రూంల అన్నరు. కలర్ కాదది, నా ఒళ్ళు చేసిన ఫిర్యాదు. చదివేటోళ్ళు లేకపోయిన్రు.

మన దగ్గర ఆడమనిషి నీరసమన్నదంటే ఒక్కటే తీర్పు: రక్తం తక్కువ. పరీక్ష అక్కర్లేదు. మా గల్లీల క్లినిక్ పెట్టుకున్న డాక్టరు నా కనురెప్ప కూడ కిందికి గుంజి చూడలె. ఐరన్ గోళీలు రాసిండు. మా అత్తమ్మ బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు షురూ చేసింది. నేను డిగ్రీ చదివిన, పీజీ చదివిన, పిల్లలకు పౌరహక్కులు చెప్తున్న. అయినా నోరు మూసుకొని గోళీలు మింగిన. ఎందుకంటే నాకు తెలిసిన ఆడోళ్ళందరు మింగుతున్నరు.

గోళీలు అయిపోయినయి, తలనొప్పి పోలె. నేనే పోయి ల్యాబ్‌ల సీబీసీ రక్తపరీక్ష చేపిచ్చుకున్న. రిపోర్ట్ ఇచ్చెటప్పుడు ల్యాబ్ అతను నన్ను ఎగాదిగా చూసి, "మేడం, ఏం తింటున్నరు మీరు? మన తాన ఆడోళ్ళకు హిమోగ్లోబిన్ తొమ్మిది, పదుంటే గొప్ప. మీకు పద్దెనిమిదికి దగ్గరున్నది" అని మురిసిండు. ఇంటికొచ్చి చెప్పిన. మా అత్తమ్మ ఏం చేసిందనుకున్నరు? ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చి నాకు దిష్టి తీసింది. "నా కోడలి నెత్తురు మీద ఎవ్వరి కన్ను పడొద్దు" అని మిరపకాయలు పొయ్యిల వేసింది. ఆ పొగకు నేను దగ్గుకుంట కూసున్న. ఇప్పుడు తలుసుకుంటే ఒళ్ళు మండుతది. రోగానికి దిష్టి తీసిన ఇల్లు మాదే ఉంటది.

అత్తమ్మను అని ఏం లాభం? ఆమె చదువుకోలె. ఆ రిపోర్ట్ పట్టుకొని ఒక పెద్ద ఫిజీషియన్ దగ్గరికి పోయిన. గోడ నిండ సర్టిఫికెట్లున్న మనిషి. రిపోర్ట్ మీద ఒక చూపు, గడియారం మీద ఒక చూపు. "బ్లడ్ బాగుందమ్మా, అదృష్టవంతులు. ఈ వయసుల మెనోపాజ్‌తోని అట్లనే ఉంటది. టెన్షన్ తగ్గించుకోండి."

"టెన్షన్ లేదు సార్. నిద్రపోతున్న, కాని నిద్రపోయినట్టు ఉంటలేదు."

"అదే మరి. టెన్షన్ అంటే." నిద్రగోళి రాసిండు.

అది మింగినంక పొద్దుగాల లేచుడే కష్టమైంది. మూతపడుతున్న గొంతుకు నిద్రగోళి ఇచ్చుడంటే మునుగుతున్న మనిషి కాళ్ళకు రాయి కట్టుడని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిస్తే ఆ సర్టిఫికెట్ల కింద నిలబడి నాలుగు మాటలు అడుగుదును.

ఒక రోజు క్లాసుల బోర్డు తుడుస్తుంటే డస్టర్ చేతుల నుంచి జారింది. వంగి తీసుకుందామంటే చెయ్యి నా మాట వింటలేదు. "శాసనమండలి" అని చెప్పబోతే మాట ముద్దగొచ్చింది. కొద్దిసేపట్ల సర్దుకున్నది. కాని పిల్లలు ఈసారి నవ్వలె. ఇద్దరు ఆడపిల్లలు నన్ను పట్టుకొని కూసుండబెట్టిన్రు. మా ఆయన ఎరువుల దుకాణం బందు పెట్టి ఉరికొచ్చి దవాఖానకు తీసుకపోయిండు. అక్కడ డ్యూటీల ఉన్న పడుసు డాక్టరు పాత రిపోర్ట్ చూసి, "ఇది బాగుందని మీకు ఎవరు చెప్పిన్రు?" అన్నడు.

"అందరు" అన్న.

"రక్తం చిక్కగైందమ్మా. నరాలల్ల సాఫీగ పోతలేదు. ఇది స్ట్రోక్‌కు ముందు వచ్చే హెచ్చరిక. ఇంక ఆలస్యం చేయకుండ్రి, హైదరాబాద్‌ల హెమటాలజిస్ట్‌కు చూపియ్యుండ్రి."

హెమటాలజిస్ట్ ఆడామె. తక్కువ మాట్లాడుతది, మాట్లాడితే సూటిగ మాట్లాడుతది. ముందు కొంత రక్తం తీసేయిస్త అన్నది. దానికి వెనెసెక్షన్ అని పేరు. మన ఊర్లల్ల రక్తం ఎక్కిచ్చుకునేటోళ్ళను చూసిన గాని తీసి పారబోసుడు నేనెన్నడు వినలె. "ఎముకల మూలుగల తేడా వస్తే కూడ రక్తం ఇట్ల పెరుగుతది, అది ఒక తీరు బ్లడ్ క్యాన్సర్" అని చెప్పి, జాక్ టూ అనే జీన్ పరీక్ష, ఈపీఓ అనే హార్మోన్ పరీక్ష రాసింది. రిపోర్ట్ వచ్చేదాక మా ఇంట్ల ఎవ్వరు గట్టిగ మాట్లాడలె. మా అత్తమ్మ బీట్‌రూట్ కొనుడు బందు చేసింది. నేను క్లాసుకు పోయి పాఠం చెప్పిన, ఇంటికొచ్చి వంట చేసిన, మధ్యల స్నానాల గదిల నల్లా ఇడిసి ఏడ్చిన.

క్యాన్సర్ కాదని వచ్చింది. ఈపీఓ మాత్రం ఎక్కువున్నది. "మీ మూలుగ తప్పు లేదు. దానికి ఎక్కడి నుంచో ఆర్డర్ వస్తుంది. ఎందుకొస్తుందో పట్టుకోవాలె" అన్నది డాక్టరమ్మ. గుండెకు ఎకో, ఛాతికి సీటీ, కడుపుకు స్కాన్. అన్ని నార్మల్. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ల కూడ పగటిపూట పెద్ద తేడా కనపడలె. ఇంక ఏం చేద్దామన్నట్టు ఆమె పెన్ను పక్కకు పెట్టి, "గురక ఉంటే అటు వెతికేటోళ్ళం. మీకు గురక లేదు కద" అన్నది.

"ఎవరు చెప్పిన్రు లేదని?"

"మొదటి రోజు మీరు లోపల రక్తం తీపిచ్చుకుంటుంటే మీ వారిని అడిగిన. లేదన్నరు."

నేను మా ఆయన దిక్కు చూసిన. ఆయన సీలింగ్ ఫ్యాను దిక్కు చూస్తుండు. నా గురకకు తాళలేక ఏండ్ల సంది పక్క అర్రల పండుకుంటున్న మనిషి! చుట్టాలొస్తే "మా ఇంట్ల పిండిగిర్ని నడుస్తది" అని నవ్విచ్చే మనిషి!

ఫోన్ తీసిన. హుస్నాబాద్‌ల మా ఆడబిడ్డ సుజాత ఉంటది, మా ఆయన చెల్లె. వాళ్ళ బిడ్డ ఓణీల ఫంక్షన్‌ల మధ్యాహ్నం బువ్వ తిన్నంక ఆడోళ్ళమంత ఫంక్షన్ హాల్ల చాపలేసుకొని ఒరిగినం. నేను నిద్రపోతే సుజాత వీడియో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపుల పెట్టింది. కింద రాసిన మాట: "మా వదిన ట్రాక్టర్ స్టార్ట్ చేసింది". ఎంతమంది నవ్విన బొమ్మలు పెట్టిన్రో! దానికి నేను సుజాతతోని ఎన్నో నెలలు మాట్లాడలె. కోపానికి దాచుకున్న ఆ వీడియో డాక్టరమ్మ ముందల పెట్టిన.

వీడియోల గురక పెరుగుతది, పెరుగుతది, ఒక్కసారి ఆగుతది. అక్కడ ఆడోళ్ళు "ఇంజన్ బందైంది" అని నవ్వుతరు. డాక్టరమ్మ నవ్వలె. స్క్రీన్ మీద వేలు పెట్టి, "చూడుండ్రి, ఇక్కడ శ్వాస ఆగింది. ఛాతి ఎగురుతుంది గాని గాలి పోతలేదు" అన్నది. ఫోన్‌ల నేను కదలకుంట ఉన్న. మా ఆయన ఊపిరి బిగబట్టిండు. ఆఖరికి ఫోన్‌లున్న నేను నీళ్ళల నుంచి తేలినట్టు గుర్రుమని గాలి పీల్చిన. అప్పుడు మా ఆయన గూడ పీల్చిండు.

ఆ రోజు ఆమె చెప్పింది నాకు అర్థమైనంత చెప్త. మన ఒంట్ల ప్రతి కణానికి ఆక్సిజన్ ఎంతున్నదో తెలుస్తదట. కణంల హిఫ్ అనే ప్రోటీన్ ఎప్పుడు తయారైతనే ఉంటది. ఆక్సిజన్ సరిపోను ఉంటే కణం దాని మీద గుర్తు వేసి, ఎప్పటికప్పుడు ముక్కలు చేసి పారేస్తది. ఆక్సిజన్ తగ్గితే ఆ గుర్తు పడదు. పారేసుడు ఆగుతది. అప్పుడు హిఫ్ పోగై, కణం నడుమకు పోయి, గాలి లేనప్పుడు బతికేందుకు కావల్సిన జీన్లను లేపుతది. కిడ్నీలల్ల అట్ల లేస్తే ఈపీఓ హార్మోన్ వస్తది. అది మూలుగకు చెప్తది: ఎర్రకణాలు పెంచు, ఉన్న ఇంత గాలినైనా మోసుకొద్దాం. కొండల మీద బతికేటోళ్ళకు ఇది మేలు చేస్తది. నాకు సిద్దిపేటల మంచం మీదనే కొండ ఎక్కినట్టు అయితుండె. నా కణాలు గాలి లేదని మొత్తుకున్నయి, కిడ్నీ విన్నది, మూలుగ విన్నది. ఇంట్ల మనుషులే వినలె. దీన్ని కనిపెట్టినోళ్ళకు నోబెల్ బహుమతి ఇచ్చిన్రట. చెవుల పడ్డ గురకను లేదన్నోళ్ళకు ఏమియ్యాలె?

వాపసొచ్చెటప్పుడు కార్ల అడిగిన. "ఎందుకు అబద్ధం చెప్పిన్రు?"

"ఆడమనిషి గురక పెడ్తదని పరాయోళ్ళ ముందల ఎట్ల చెప్పాలె? నీ పరువు కోసమే."

"నా పరువు నిలబెట్టిన్రు. పానం నిలబెట్టుడు మరిచిన్రు."

ఇల్లు రాంగనే ఆయన కారు దిగిండు. గేటు తీసినంక, "తప్పైంది" అన్నడు. మా పెండ్లైనంక ఆ మాట వినుడు అదే మొదలు.

నిద్రపోతుంటే ఊపిరి, ఆక్సిజన్ కొలిచే పరీక్ష, స్లీప్ స్టడీ చేసిన్రు. దాంట్ల నా ఆక్సిజన్ రాత్రిపూట అరవైలల్లకు పడిపోతున్నదని తేలింది. గొంతు మూసుకపోవుడే కాదు, లావైన నా ఒంటి బరువుకు ఊపిరి కూడ పైపైననే ఆడుతున్నది, కార్బన్ డయాక్సైడ్ జమైతున్నది. బైపాప్ మిషన్ పెట్టుకోవాలె, బరువు తగ్గాలె, నిద్రగోళి ముట్టొద్దు అన్నరు. మిషన్ సుఖమని నేను చెప్ప. ముక్కు మీద తొడుగు, దానికి పైపు, మొఖం మీద గాలి తోసుడు. మొదట్ల పీకి పారేసిన, ఏడ్చిన, కంపెనీ మనిషిని పిలిచి తిట్టిన. తొడుగు సైజు మార్చినంక కుదిరింది. కుదిరినంక ఒక పొద్దు లేచిన. తల మీద బండ లేదు. ఎవరో ఇంటి కిటికీలన్ని తెరిచినట్టున్నది.

బాగైతున్న అనంగనే నా చేతులార ఎనుకకు పోయిన. మిరుదొడ్డిల పెండ్లి. "అందరి ముందల ఆ పైపు ఎందుకే" అన్నది అత్తమ్మ. మిషన్ ఇంట్ల ఇడిసి పోయి, పెండ్లి పనులని చానరోజులు అక్కడనే ఉన్న. పెండ్లి అయ్యి వచ్చేటప్పటికి తలనొప్పి, మగత, ఉబ్బిన మొఖం, అన్ని నాతోనే కార్లెక్కి ఇంటికొచ్చినయి. తర్వాతి పరీక్షల రక్తం మళ్ళ చిక్కగైందని, ఇంకోసారి తీసేసిన్రు. "పరువు కోసం ఇడిసిపెట్టిన్రా?" అని డాక్టరమ్మ అడిగితే ఈసారి సీలింగ్ ఫ్యాను చూసింది నేను.

ఇప్పుడు ఎక్కడికి పోయినా మిషన్ సంచి ముందు కార్లెక్కుతది, చీరెల సంచి తర్వాత. హిమోగ్లోబిన్ దిగింది. మా అత్తమ్మ ఇంకా "మంచిగున్న రక్తం తగ్గిచ్చుకున్నది" అని ఇరుగుపొరుగుకు చెప్తనే ఉన్నది. చెప్పనీ. ఇన్విజిలేషన్ల నేనిప్పుడు ఎంత మెలుకువతోనున్నంటే పిల్లలు నా డ్యూటీ పడొద్దని మొక్కుతున్నరు.

మొన్న సుజాత వాళ్ళ గృహప్రవేశానికి పోయినం. మధ్యాహ్నం ఆడోళ్ళంత ఒరిగిన అర్రలనే ప్లగ్ వెతికి, మిషన్ పెట్టి, తొడుగు కట్టుకొని పండుకున్న. గుసగుసలు వినపడ్డయి. పట్టిచ్చుకోలె. లేచేవరకు సుజాత పక్కకు కూసొని ఉన్నది. చానసేపు చీరె కొంగు చుట్టుకుంట, ఇడుసుకుంట ఉన్నది.

"వదినా, నాకు గూడ పొద్దుగాల తల పగులుతుంది. బస్సుల కూసుంటే నిద్ర. మొన్న రక్తపరీక్షల హిమోగ్లోబిన్ మస్తుగున్నదన్నరు." గొంతు తగ్గిచ్చింది. "రేపు మధ్యాహ్నం నేను పండుకుంటే జర వీడియో తీస్తవా?"

తీసిన. గ్రూపుల పెట్టలె. సుజాతను సిద్దిపేటకు తీసుకొచ్చి, ఆనాడు దవాఖానల నన్ను చూసిన పడుసు డాక్టరుకు చూపిచ్చిన. ఆమెకు స్లీప్ స్టడీ రాసిన్రు.

ఇది చదివేటోళ్ళకు నేను చెప్పేది ఇంతే. మీ ఇంట్ల ఆడమనిషికి రక్తం ఎక్కువున్నదని రిపోర్ట్ వస్తే మురిసిపోకుండ్రి, ఎందుకు ఎక్కువున్నదో అడుగుండ్రి. ఆమె నిద్రపోతుంటే గురక మధ్యల ఊపిరి ఆగుతున్నదా చూడుండ్రి. ఆగితే వీడియో తియ్యుండ్రి. డాక్టరు గురక ఉన్నదా అని అడిగితే నోటితోని జవాబు చెప్పకుండ్రి. ఫోన్ ముందల పెట్టుండ్రి.