మిలట్రీ పచ్చ బనీన్లు

మొన్న శనివారం పొద్దున సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది, మా డ్రిల్లు సారు పోయారని. మిలట్రీలో పనిచేసి, అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడి, రిటైరై వచ్చి మా బడిలో చేరిన మనిషి. జగిత్యాలలో బస్సెక్కాను. దారి పొడుగునా నా కళ్లముందు ఆయన కుడికాలే ఉంది.

అబ్బ, ఏం కాలండీ అది! సగం మైదానం అవతల నుంచి కొడితే బంతి గోలు కర్రల మధ్యనే దిగేది. మేమంతా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇళ్లలోని పిల్లలం, వట్టికాళ్లతో ఆడేవాళ్లం. "బాలును తన్నుడు కాదురా, సాగనంపాలె" అనేవారు.

ఒకసారి కోరుట్లలో పోటీ. అందరికీ ఒకే తీరు బనీన్లు కావాలి. సారు తనకిష్టమైన మిలట్రీ పచ్చ ఎంచుకున్నారు. మా నాయనలే బట్ట నేసి రంగు వేయించారు. అడవుల్లో తిరిగే అన్నలదీ అదే రంగని ఇంతమందిలో ఒక్కరికైనా తట్టాలి కదా! తట్టలేదు. రంగు భలే కుదిరిందని మురిసిపోయాం.

కథలాపూర్ దాటాక పోలీసులు మా లారీ ఆపారు. పదకొండు మందినీ దింపి, చేతులెత్తించి వరుసగా నిలబెట్టారు. ఆ రోజుల్లో అలా దింపినవాళ్లందరూ ఇల్లు చేరలేదు. సారు బంతి చంకలో పెట్టుకుని మాకూ తుపాకులకూ మధ్యకు నడిచొచ్చారు.

"బట్టలు నేను కుట్టిచ్చిన. తప్పు నాది. పోరగాండ్లను ఇడిచిపెట్టి నన్ను తీస్కపోండ్రి."

మమ్మల్ని వదిలారు. ఆయన్ని తీసుకుపోయారు.

నాలుగో రోజు కుంటుకుంటూ వచ్చారు. యుద్ధంలో తగిలిన పాత దెబ్బ తిరగబెట్టిందన్నారు. నమ్మాం. మళ్లీ బంతి తన్నలేదు, గట్టు మీద కూర్చునే ఆట నేర్పారు. కొత్త బనీన్లకు ఏ రంగని అడిగితే, ఎరుపు అన్నల జెండాది, ఖాకీ పోలీసులది, మనకు తెలుపే గతి అని నవ్వారు.

మొన్న సారు ఇంటి ముందు కూర్చుని ఆ మాటలే తలచుకుంటుంటే సారు భార్య నా చెయ్యి పట్టుకున్నారు.

"మీ సారుకు యుద్ధంల దెబ్బేం తాకలే కొడుకా. గా నాలుగు దినాలల్లనే కాలిరిగింది. పోరగాండ్లకు చెప్పకు, తెలిస్తే ఆట ఇడిచిపెడ్తరు అన్నడు."

ఇన్నేళ్లూ ఆ నొప్పితో మా ముందే నడిచారు. అంత మనిషి దగ్గర పెరిగామా అనిపించి నాకు ఒళ్లు జలదరించింది, ఏడుపు ఆగలేదు.

పాడె ఎక్కించే ముందు కాళ్ల బొటనవేళ్లు కలిపి కడుతున్నారు. కుడికాలు ఎంతకీ దగ్గరకు రాదు, పక్కకే తిరిగిపోతోంది. నేను కూర్చుని ఆ పాదాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. ముడి పడ్డాక కూడా పట్టుకునే ఉన్నాను.