నలభై నిమిషాల అక్క

ఆ చిన్న విమానాశ్రయంలో విచారణ కౌంటరు వెనక పదహారేళ్ళుగా కూర్చుంటున్న ఆవిడను అందరూ నలభై నిమిషాల అక్క అనేవారు. అక్కడి నుంచి కొండల అవతలి ఊరికి రోజుకు ఒకటే విమానం. ఎంత దూరమని అడిగిన వాళ్ళకు ఆవిడ తలెత్తకుండా "నూట తొంభై కిలోమీటర్లు, నలభై నిమిషాలు" అనేసేది. ఇంట్లో వంట ఎప్పుడవుతుందని అడిగితే కూడా ఓసారి అదే నోటికొచ్చిందట.

అక్క మొగుడు ఆ రెండు ఊళ్ళ మధ్యే బస్సు నడిపేవాడు. ఒకరోజు వెళ్ళడం, మర్నాడు రావడం. కొండల చుట్టూ తిరిగే రోడ్డు కావడంతో దూరం మూడొందల ముప్ఫై, సమయం ఏడున్నర గంటలు. తను ఒళ్ళు హూనం చేసుకుని చేర్చేవాళ్ళను పెళ్ళాం కూర్చున్న చోటునుంచే పంపించేస్తుందని వేళాకోళమాడేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఓ ముసలావిడ చేతికర్రతో వచ్చింది. మొదటిసారి విమానమెక్కుతోంది. నలభై నిమిషాలంటే నమ్మకం కుదరలేదు.

"నువ్వెన్నిసార్లు వెళ్ళావమ్మా?"

అక్క అబద్ధం చెప్పబోయి, ఆవిడ మొహం చూసి మానుకుంది. "ఒక్కసారి కూడా వెళ్ళలేదు పెద్దమ్మా."

"బాగుంది. ఈత రానిదాన్ని లోతెంతని అడిగానన్నమాట."

ఆ మాట అక్కకు ముల్లులా గుచ్చుకుంది. నేరుగా మేనేజరు గదికెళ్ళి, ఇన్నేళ్ళూ వాడుకోని ఉచిత టిక్కెట్టు ఇవాళే కావాలంది. సీట్లు సగం ఖాళీయే కాబట్టి ఆయన కాదనలేకపోయాడు.

ముసలావిడ పక్కన కూర్చుని వాచీ చూడడం మొదలుపెట్టింది అక్క. తలుపు మూశాక పన్నెండు నిమిషాలు విమానం కదలనే లేదు. లేచాక మబ్బుల్లో ఒక్క కుదుపు కుదిపేసరికి, ధైర్యం చెప్పడానికి వచ్చిన మనిషి పెద్దమ్మ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. ముసలావిడే వెన్ను నిమిరింది. కింద రోడ్డు మెలికలు తిరుగుతూ కనిపించింది. అవతలి ఊరి మీద, దిగడానికి సందు దొరక్క రెండు చుట్లు కొట్టారు. గాల్లో నలభై ఆరు, తలుపు మూసిన దగ్గర్నుంచి తెరిచేదాకా అరవై తొమ్మిది.

తిరుగు విమానం గాలుల వల్ల రద్దయింది. అక్క బస్టాండుకెళ్తే మొగుడి బస్సు బయల్దేరబోతోంది.

"ఏమోయ్, అయ్యాయా నలభై నిమిషాలు?" అన్నాడు, నవ్వాపుకోలేక.

"అరవై తొమ్మిది. ముందు సీటు ఖాళీ ఉందా?"

దారి పొడుగునా ఆయన ఒక్కో మలుపునూ చుట్టాన్ని పరిచయం చేసినట్టు చూపించాడు. ఫలానా చోట హారను రెండుసార్లు ఎందుకు కొట్టాలో, ఎక్కడ బ్రేకు నమ్మకూడదో చెప్పాడు. పెళ్ళయ్యాక ఆయన ఇన్ని మాటలు ఒక్కచోట మాట్లాడింది లేదు. దిగేసరికి అక్క నడుము పట్టేసింది గానీ, ఆయన ఇంటికొచ్చిన రోజల్లా పలక్కుండా ఎందుకు పడుకుంటాడో మాత్రం అర్థమైంది.

మర్నాటి నుంచి కౌంటరు దగ్గర జవాబు పెరిగింది. తలుపు మూశాక ఎంతసేపు ఆగుతారో, మబ్బుల్లో కుదుపెలా ఉంటుందో, భయమేస్తే ఏం చెయ్యాలో అన్నీ విడమరిచేది. వరస గుమ్మందాకా సాగింది. అడిగినంతే చెప్పమని మేనేజరు రెండుసార్లు మందలించాడు. అయినా భయస్తులందరూ ఆవిడనే వెతుక్కుంటూ వస్తుంటే, చివరికి విసిగిపోయి ఆయనే కౌంటరు ముందు ఓ బెంచీ వేయించాడు.