మొగిలి గారి నూట పన్నెండు మీటర్లు

ఇంటర్నెట్ ఇంకా జేబులోకి రాని రోజులవి. దాని దగ్గరికి మనమే పోవాలి, కుర్చీ లాక్కుని కూర్చోవాలి, ఫోను తీగలోంచి అది కీచుకీచుమని గొంతు సవరించుకునేదాకా ఓపిక పట్టాలి. అంత కష్టపడి లోపలికి పోయినవాడికి ఊరికే బయటికి రాబుద్ధి కాదు కాబట్టి ఎవరితోనో ఒకరితో మాటలు కలిపేవాడు. అలా మాటల్లో పడి నేను మూడేళ్లపాటు సైకిళ్ల విషయంలో ఒక పెద్దమనిషిగా చెలామణీ అయ్యాను. నాలుగైదు ఊళ్ల తెలుగువాళ్లు నన్ను ఒక మాట అడగందే కొత్త టైరు కొనేవాళ్లు కాదు. ఇందులో ఒక చిన్న ఇబ్బంది ఉంది, దాచుకోకుండా ముందే చెప్పేస్తాను. నాకు సైకిలు తొక్కడం రాదు.

బంగారుపాళ్యం దగ్గర, హైవే పక్కనే ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటరు ఉద్యోగం నాకు మొదటిది. కాయల సీజను మూడు నెలలూ తల గోక్కునే తీరిక ఉండదు. మిగిలిన తొమ్మిది నెలలూ ఆఫీసులో నేనూ, వాచ్‌మనూ, గోడ మీద బల్లీ. ఒకరోజు మేనేజరు గారు వచ్చి, "మావోడు గేర్ల సైకిలు కావాలని పీక్కుతింటా ఉండాడు. ఆ కంప్యూటర్లో సూసి ఏది మంచిదో కనుక్కో అబ్బయా" అన్నారు. వెతగ్గా వెతగ్గా తెలుగువాళ్ల సైకిల్ గుంపు ఒకటి దొరికింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్లు. అందులో సంగతి రాసి టీ తాగి వచ్చేలోపు పదకొండు జవాబులు వచ్చి ఉన్నాయి. పిల్లాడి ఎత్తెంత, రోడ్డు ఎలా ఉంటుంది, ఎత్తుపల్లాలున్నాయా, పిల్లాడికి కోపం ఎక్కువా (ఇది ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు) అని ఒకటే ఆరాలు. నా జన్మలో నన్ను అంత శ్రద్ధగా అన్ని ప్రశ్నలు అడిగినవాళ్లు లేరు. మేనేజరు గారు ఆఖరికి కొడుక్కి మోపెడ్ కొనిచ్చారు. నేను మాత్రం ఆ గుంపులో ఉండిపోయాను.

గుంపులో ముఖ్యులు ముగ్గురు. చెన్నైలో ఉండే నూనె మేష్టారు రిటైరైన లెక్చరరు. ఏ రోగానికైనా ఆయన మందు ఒకటే, చైనుకు నూనె. ఎవరో మోకాలి నొప్పి అని రాస్తే కూడా "ముందు చైను చూసుకోండి" అన్నారు. నెల్లూరు పంచరు బాబాయి ఊరు దాటితే చాలు, చక్రంలో గాలి పోతుంది. ఆయన ఇంటికి తిరిగొచ్చి "ఈరోజు పంచరు కాలేదు" అని రాస్తే మేమందరం అభినందనలు చెప్పేవాళ్లం. మూడో మనిషి బెంగళూరులో బ్యాంకు ఉద్యోగం చేసే మైలురాయి అక్క. నెలాఖరుకు ఎవరెవరు ఎన్ని కిలోమీటర్లు తొక్కారో అడిగి, పెద్ద పట్టీ తయారుచేసి గుంపులో పెట్టేది. ఆ పట్టీలో పేరు లేకపోతే అన్నం సయించని వాళ్లుండేవారు.

ఒకసారి ఎవరో ఘాట్ రోడ్డు మీద సైకిలు అదుపు తప్పకుండా ఎలా పోవాలని అడిగారు. మొగిలి ఘాట్ నేను పలమనేరు పోయే బస్సు కిటికీలోంచి వందసార్లు చూసినవాడినే కదా అని ధైర్యం వచ్చింది. రోడ్డు దాటి, ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా ఉన్న సైకిల్ మామ షాపుకు పోయాను. సైకిల్ మామ ముసల్మాను, అరవై దాటిన మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో మా తెలుగు. రిమ్ము వంకర తీస్తూ తలెత్తకుండానే, "సక్రాన్ని సూడొద్దు. దూరంగా రోడ్డు సూడు. సూపు యాడికి పోతే సైకిలు ఆడికే పోతాది" అన్నాడు. నేను పరుగున వచ్చి, ముందు "నా అనుభవంలో" అని తగిలించి, అదే మాట రాసేశాను. (ఆ రెండు ముక్కలు మాత్రం నా సొంతం.) గుంపంతా ముక్కున వేలేసుకుంది. ఆ రోజు నుంచి నా పేరు మొగిలి. వారం తిరక్కుండా మొగిలి గారు.

తర్వాత అదే అలవాటైపోయింది. గుంపులో ప్రశ్న పడడం, నేను రోడ్డు దాటడం, మామ చెప్పడం, నా అనుభవంలోకి రావడం. "నీకు సైకిలే లేదు, ఇన్ని అడగతా ఉండావు, ఎవురికిరా?" అనేవాడు మామ. స్నేహితులకు మామా అంటే, "ఆల్ల ఊర్లో షాపుల్లేవా?" అని మళ్లీ పనిలో పడేవాడు. నెలాఖరున అక్క "మొగిలి గారూ, మీ కిలోమీటర్లు ఎన్ని?" అంటే, "తొక్కేది ఆనందానికి కదక్కా, లెక్కకా" అని రాసేవాడిని. ఎంత నిరాడంబరుడో అని మెచ్చుకునేవాళ్లు. అప్పుడు కొంచెం సిగ్గేసేది. కొంచెమే.

సైకిలు రాకపోవడానికి కారణం టమాటాలు. ఎనిమిదేళ్లప్పుడు మా నాయన పలమనేరు సంత పక్కన సైకిలు వెనక పట్టుకుని నేర్పిస్తూ, చెప్పకుండా వదిలేశాడు. నేను పోయి పోయి ఒకావిడ టమాటా గంపల్లో పడ్డాను. నలిగినవన్నీ నాయన కొని ఇంటికి తేవాల్సొచ్చింది. పది రోజులు పప్పు, పచ్చడి, చారు, అన్నీ అవే. తినేటప్పుడల్లా ఇంట్లో అందరూ నావైపు చూసేవాళ్లు. మళ్లీ సైకిలు ముట్టుకోలేదు. ఇరవైమూడేళ్లొచ్చాక నేర్చుకుందామంటే ఊరంతా చూస్తుందని బెరుకు.

ఇలా ఉండగా ఆగస్టులో మైలురాయి అక్క పిడుగులాంటి కబురు పెట్టింది. ఎనిమిది మంది చెన్నై నుంచి బెంగళూరుకు సైకిళ్ల మీద బయలుదేరుతున్నారట. రాత్రికి చిత్తూరులో పడుకుని ఆదివారం పొద్దున మా ఊరు చేరతారట. "మొగిలి ఘాట్ మొగిలి గారి వెనకాలే ఎక్కాలని అందరం అనుకున్నాం" అని రాసింది. అది చదివాక నాకు ముద్ద దిగలేదు. నవ్వుతారని కాదు నా భయం. ఊళ్లో నేను జ్యూస్ ఫ్యాక్టరీలో కూర్చునే పిల్లోణ్ణి, అంతే. గారు అని పిలిచేది ప్రపంచంలో ఆ గుంపొక్కటే. పంచరు బాబాయి కూతురికి జ్వరమొస్తే నాకు చెప్పేవాడు, నూనె మేష్టారు పోయిన భార్య గుర్తొచ్చినప్పుడు నాతోనే చెప్పుకుని ఏడ్చారు. సైకిలు రాదని తెలిస్తే వీళ్లందరూ పోతారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఏడుపు తగ్గాక ఉపాయం తట్టింది. మా వైపు చెయ్యి విరిగిందంటే ఎవరూ డాక్టరు చీటీ అడగరు, ఆకుపసరూ గుడ్డుసొనా పూసి బద్దలు పెట్టి కట్టే పుత్తూరు కట్టు కనబడితే చాలు. "కింద పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. పుత్తూరు కట్టు కట్టారు. ఘాట్ ఎక్కలేను, క్షమించాలి" అని రాసేశాను. పరామర్శలు వెల్లువెత్తాయి. "చైనుకు నూనె వేయలేదా?" అన్నారు మేష్టారు. "పడనోడు సైకిలు తొక్కినట్టే కాదు తమ్ముడూ" అన్నాడు బాబాయి. అక్క మాత్రం, "ఎట్లాగూ మీ ఊరి మీదనే కదా పోతాం, మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగి చూసే పోతాం" అంది. అంటే ఇప్పుడు నాకు నిజంగా ఒక కట్టు కావాలి.

పుత్తూరుకు బస్సెక్కాను. కట్లు కట్టే పెద్దాయన నా చెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా నొక్కి చూసి, "యాడ నొప్పి?" అన్నాడు. ఆడే, ఇంకొంచెం కింద అన్నాను. "ఇరగలేదే" అన్నాడు. అయినా కట్టండి స్వామీ అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, "ఇరగని సెయ్యికి కడితే రేపు ఇరిగినోళ్లు మమ్మల్ని నమ్మరప్పా. ఇరగ్గొట్టుకోని రా, కడతా" అని నా వెనకాల ఉన్నతన్ని పిలిచాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు.

ఇక స్వయంగానే పూనుకున్నాను. శనివారం సాయంత్రం అమ్మ పాత చీర చింపి, మామిడికాయల గంపలోంచి వెదురు బద్దలు విరిచి, పెరట్లో కనబడిన ఆకులన్నీ నూరి, నాలుగు కోడిగుడ్లు పగలగొట్టి కలిపి చేతికి పూసుకున్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసి, "సెయ్యికి ఆమ్లెట్టు ఏసుకుంటా ఉండావేందిరా?" అని మాత్రం అని లోపలికి పోయింది.

తెల్లారేసరికి ఆ కట్టు కంపు ముందు ఫ్యాక్టరీ కంపు ఎందుకూ పనికిరాలేదు. దానికి తోడు చీమలు. మోచేతి దాకా బారులు తీరి, లోపల ఏదో పెళ్లి జరుగుతున్నట్టు వస్తూ పోతూ ఉన్నాయి. వాచ్‌మను ఐదు గజాల దూరంలో నిలబడి నాతో మాట్లాడాడు. ఏడు గంటలకు ఎనిమిది సైకిళ్లు గేటు ముందు ఆగాయి. మూడేళ్లుగా అక్షరాల్లో చూసిన మనుషులు ఒళ్లంతా చెమటతో, ముఖం నిండా నవ్వుతో దిగారు. నేను గోక్కోలేక, నవ్వలేక నిలబడ్డాను. అక్క దగ్గరకొచ్చి కట్టు చూసింది. ముక్కు ఎగబీల్చింది. మళ్లీ చూసింది.

"మా అమ్మది పుత్తూరే. నేను రెండుసార్లు కట్టించుకున్నా" అంది. "ఆడ తెల్లసొన ఒక్కటే ఏస్తారు. ఈ పచ్చసొన ఎవరేసినారు?"

చీమ ఒకటి చంక దాకా వచ్చింది. "నేనేనక్కా" అన్నాను. అక్కడే నిలబడి అంతా చెప్పేశాను. టమాటాల దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఒక్కటీ దాచలేదు. చెప్పినంతసేపూ ఎవరి ముఖమూ చూడలేదు.

ఏదో శబ్దమైతే తలెత్తి చూశాను. పంచరు బాబాయి నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడి ఉన్నాడు. నూనె మేష్టారు మాత్రం నొచ్చుకున్నట్టు, "మరి నా చైను గురించి చెప్పిందంతా?" అన్నారు. నేను కట్టు చెయ్యి ఎత్తి రోడ్డు అవతలికి చూపించాను. సైకిల్ మామ అప్పటికే గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఇటే వస్తున్నాడు. "ఈల్లేనా నీ స్నేయితులు? సెన్నై సారు ఎవురు, సైను బిగువు సరిపోయిందా? నెల్లూరాయన యాడ? రిమ్ము లోపల పట్టీ మార్సమంటి గదా, మార్సినావా?" ప్రతి ఒక్కరినీ వాళ్ల సైకిలు రోగాన్ని బట్టి గుర్తుపట్టి పలకరించాడు. మేష్టారు పోయి మామ నల్లటి చేతులు రెండూ పట్టుకున్నారు. బాబాయి తన సైకిలు అక్కడికక్కడే తలకిందులు చేసి చూపించడం మొదలుపెట్టాడు.

"ఘాట్ యాడికీ పోదు. ముందు ఈయన్ను సైకిలెక్కిద్దాం" అంది అక్క.

నా కట్టు విప్పి చెయ్యి కుళాయి కింద కడిగేశారు. మామ తన అద్దె సైకిలు తెచ్చాడు. సీజను అయిపోయింది కాబట్టి లారీలు తిరిగే పెద్ద ఆవరణ ఖాళీగా ఉంది, మూలన మామిడి టెంకల గుట్ట తప్ప. వెనక ఇద్దరు పట్టుకున్నారు, మిగతావాళ్లు పక్కన పరిగెత్తుతూ ఒకేసారి సలహాలు. అన్నీ నావే. "మోకాలు కొంచెం వంగాలని మీరే రాశారు మొగిలి గారూ." "హ్యాండిలు పిసకొద్దు, పిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకోమన్నది నువ్వే తమ్ముడూ." "చక్రం చూడొద్దు, దూరంగా చూడండి, కింద ఎర్రగీత గీసి పెట్టుకున్నాను" అని మేష్టారు. ఆరు చుట్లయ్యాక పక్కన అడుగుల చప్పుడు ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. గాలి చొక్కాలోకి దూరింది, కాళ్లు వాటంతటవే తిరుగుతున్నాయి. ఆ సంతోషాన్ని ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పదిహేనేళ్ల టమాటాలు ఒక్కసారిగా నా మీద నుంచి దిగిపోయాయి.

ఒక్కటే లోటు. మూడేళ్లలో ఆగడం ఎలా అని గుంపులో ఒక్కరూ అడగలేదు. అందుకని నేనూ మామను అడగలేదు. ఎలా ఆగాలా అనుకుంటూ ఉండగా మూలన టెంకల గుట్ట కనబడింది. దాన్నే చూశాను. చూపు ఎక్కడికి పోతే సైకిలు అక్కడికే పోతుంది. పోయింది.

మామ వచ్చి నా కుడి మణికట్టు ముట్టుకుని, "ఇప్పుడు ఇరిగింది" అన్నాడు. దాంతో గుంపులో నేను రాసింది ఆఖరికి అబద్ధం కాకుండా పోయింది. మిగతావాళ్లు ఘాట్ ఎక్కడానికి పోయారు. అక్క తన సైకిలు మామ షాపులో పెట్టి, నాతో పాటు బస్సులో పుత్తూరు వచ్చింది. పెద్దాయన నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నొక్కాడు, నేను అరిచాను. "ఇప్పుడు కడతా" అన్నాడు. తెల్లసొన ఒక్కటే వేశాడు. అక్క దగ్గరుండి చూసింది.

ఆ నెలాఖరు పట్టీలో బాబాయి పేరు, మేష్టారు పేరు, అందరివీ వందల కిలోమీటర్లు. చివరన ఇలా ఉంది: "మొగిలి గారు, నూట పన్నెండు మీటర్లు. టెంకల గుట్ట దాకా. కొలిచింది నేనే." వాళ్లు నా ముఖం మీద నీళ్లు చల్లుతున్నప్పుడు, అక్క దూరం కొలిచే మీటరున్న తన సైకిలు నడిపించుకుంటూ, వాళ్లు నన్ను వదిలిన చోటు నుంచి నా టైరు గీత వెంబడి పోయిందట. కింద అభినందనలు ఎన్నో. గారు మాత్రం ఎవరూ తీసేయలేదు.

ఆ గుంపు పేజీ ఎప్పుడో మూతపడింది. ఆ పట్టీలన్నీ దాంతోపాటే పోయాయి. నేనిప్పుడు ఆదివారాలు మొగిలి ఘాట్ ఎక్కుతాను, ఎన్ని కిలోమీటర్లో ఫోను అడక్కుండానే చెబుతుంది. కుర్రవాళ్లు ఎవరైనా సలహా అడిగితే, "మా సైకిల్ మామ చెప్పేవాడు" అనే మొదలుపెడతాను. బ్రేకు సంగతి వచ్చినప్పుడు మాత్రం నా అనుభవంలో అంటాను. ఘాట్ మీద మబ్బు పట్టిన రోజు కుడి మణికట్టు సన్నగా సలుపుతుంది. చేతికి నాలుగు గుడ్లు పూసుకుని, గేటు దగ్గర బిక్కచచ్చి నిలబడిన ఆ మొగిలి గారు గుర్తొచ్చి, ఎవరూ నిన్ను వదిలి పోరులేవయ్యా అని చెప్పాలనిపిస్తుంది.