జాబితాలో లేని బాబయ్య

హిందూపురంలో క్షయ రోగులకు మందులిచ్చే ఒక స్వచ్ఛంద సంస్థకు విదేశీ దాతలెవరో కంప్యూటరు పంపారనీ, సిబ్బందికి అందులో స్ప్రెడ్‌షీటు నేర్పే మనిషి కావాలనీ బెంగుళూరులో ఒక మిత్రుడు చెప్పాడు. జీతం లేదు, భోజనం పెడతారు. ఎనభైల చివర్లో కంప్యూటరు తెలిసినవాడంటే నలుగురూ తల తిప్పి చూసేవారు. ఆ గర్వాన్ని కూడా సంచీలో పెట్టుకొని శనివారం ఉదయం ఆరున్నరకు పాసింజరు ఎక్కాను.

టికెట్టు పది రూపాయల లోపే. గౌరీబిదనూరులో సీటు దొరికింది. ఎదుట కూర్చున్న చింతపండు వ్యాపారి నా పని విని, “అది కరెంటుతో నడిచేదేనా? అయితే మా ఊర్లో కష్టమే అబ్బా” అన్నాడు. నేను నవ్వేశాను. తొమ్మిదింబావుకు హిందూపురం చేరాం. స్టేషను బయట బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని నడిచే సంస్థ ఆఫీసుకు వెళ్లాను.

ఒక కంప్యూటరు, ఆరుగురు సిబ్బంది. కంప్యూటరు మీద పట్టుగుడ్డ ముక్క కప్పి ఉంచారు. ఆరుగురిలో పెద్దది మహబూబీ, నలభై దాటిన ఆరోగ్య కార్యకర్త. పల్లెలన్నీ కాలినడకన తిరిగి, రోగుల వివరాలన్నీ ఒక లావుపాటి రిజిస్టరులో రాసుకుంది. ప్రతి పేరు పక్కనా తండ్రి పేరు, వీధి, పక్కింటివాళ్ల గుర్తులు. అంత సొద కంప్యూటరుకు అక్కర్లేదని నేనే తీర్మానించాను. నంబరు, పేరు, ఊరు, మందు మొదలైన నెల, ఈ నాలుగు చాలు.

శనివారమంతా పేర్లు ఎక్కించారు. కరెంటు నాలుగుసార్లు పోయింది. వచ్చాక ఎక్కడ ఆగామో తెలియక కొన్ని పేర్లు రెండుసార్లు ఎక్కాయి. ఆదివారం ఆ జాబితాను అక్షర క్రమంలో పేర్చడం చూపించాను. నిజంగానే రెండేసిసార్లు పడిన పేర్లు పక్కపక్కన వచ్చి నిలబడ్డాయి. వాటిని తుడిచేయడం నేర్పాను. కిందికి పోతే ధర్మవరం బాబయ్యలు వరుసగా ఐదుగురు. “చూశారా, కరెంటు మహిమ!” అని నంబర్లూ నెలలూ చూడకుండానే నలుగురిని నేనే తుడిచేశాను. అప్పుడు మహబూబీ ఇంజక్షను కోసం వచ్చిన ఒక ముసలామెతో వరండాలో ఉంది.

సోమవారం ధర్మవరంలో మందులిచ్చే రోజు. జాబితా ఎలా పని చేస్తుందో చూడాలని సెలవు పెట్టి నేనూ బయలుదేరాను. మహబూబీ రిజిస్టరు చంకన పెట్టుకోబోయింది.

“ఈ మోత ఇంకెందుకక్కా? అంతా అచ్చు తీసిన ఈ కాగితం మీద ఉంది కదా” అన్నాను.

“మీరు చెప్పినాక ఇంకేముండాది సార్” అని దాన్ని బీరువాలో పెట్టింది. ఆమెకు ఇష్టం లేదని ముఖమే చెబుతోంది. నేను పట్టించుకోలేదు.

ఏడు గంటల రైలెక్కి పెనుకొండలో దిగాం. మందుల గది అక్కడే. జాబితా చూసి పొట్లాలు కట్టాం. తొమ్మిదిన్నర బస్సు పట్టుకొని పదకొండుకు ధర్మవరం చేరాం. అద్దె గదిలో బల్ల వేసుకొని నేను పేర్లు చూస్తున్నాను, లోపల మహబూబీ బరువులు చూస్తోంది.

బాబయ్య వచ్చాడు, టిక్కు పెట్టాను, పొట్లం ఇచ్చాను. కాసేపటికి ఇంకొకాయన వచ్చి అదే పేరు చెప్పాడు.

“నీ పేరు లేదే” అన్నాను, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

“తీసేసినారా సార్?”

“ఇందులో లేదు.”

“మంచిది సార్, శానా మంచిది” అని వెళ్లిపోయాడు. ఎందుకు మంచిదో నేను ఆలోచించలేదు.

మూడో బాబయ్య వచ్చేసరికి మహబూబీ బయటికి వచ్చింది. కాగితం లాక్కొని చూసింది. “ఐదుమందికి ఒక్కడే ఉండాడే! సార్, పెనుకొండ దర్గాకు మొక్కుకొని కన్న బిడ్డలకంతా ఇదే పేరు పెడతారు. హిందువులు, సాయిబులని తేడా ల్యా. ఒక్కో వీధికి ఇద్దరు బాబయ్యలుంటారు.” ఒకాయన్ను పేరు లేదని పంపేశానని చెప్పాను. వెంటనే అడిగింది: “పంపించేసినాయప్ప ఎట్లుండె? సన్నగానా, పొడుగ్గానా?”

నేను చెప్పలేకపోయాను. చూస్తే కదా!

మిగతా బాబయ్యలు వచ్చేదాకా ఆగాం. పొట్లాలు చాలక మహబూబీ మిగిలినవాటిని విప్పి తలా మూడు రోజులకు పంచి, గురువారం మళ్లీ వస్తానని చెప్పింది. నేను పంపేసింది ఎవరినో అప్పుడు తేలింది. చీరలు నేసే బాబయ్య, నాలుగో నెల మందులో ఉన్నాడు. ఇప్పుడు ఆపితే మొదటికి వస్తుందని దారి పొడుగునా ఆమె గొణుగుతూనే ఉంది. రెండున్నరకు స్టేషను వెనుక వీధిలో ఆయన ఇల్లు దొరికింది.

గుమ్మంలో భార్య పక్కిళ్లవాళ్లకు బొరుగులు, చక్కెర పంచుతోంది. మగ్గం దగ్గర నుంచి ఆయన లేచి వచ్చాడు. మందు పూర్తయి నయమైతేనే మహబూబీ రిజిస్టరులో పేరు కొట్టేస్తుంది. పేరు కొట్టేసిన రోజు ఇలా తీపి పంచడం అక్కడి రోగుల అలవాటు. ఆ సంగతి నాకు ఆ గుమ్మంలో తెలిసింది.

“దా అక్కా! రేపే దర్గాకు పోయి మొక్కు తీర్చుకొని చక్కెర చదివిస్తాం” అన్నాడాయన.

మహబూబీ నా వైపు చూసింది. చెప్పాల్సింది నేనే. “నయం కాలేదు బాబయ్యా. ఇంకా రెండు నెలలు మందు మింగాలి. పొరపాటున నీ పేరు నేనే తీసేశాను” అన్నాను. ఆయన భార్య చేతిలోని గిన్నె పక్కన పెట్టేసింది.

ఆయన మూడు రోజుల పొట్లం అందుకొని జేబులో వేసుకున్నాడు. “పోనీలే సార్. ఒక పూటన్నా నయమైనోని మాదిరి ఉంటి.”

నాకు ఏడుపొచ్చింది. జాబితా అడుగున ఆయన పేరు, తండ్రి పేరు, వీధి పేరు పెన్నుతో రాశాను. ఆయన భార్య గిన్నె మళ్లీ తీసుకొని నా దోసిట్లో కూడా బొరుగులు పోసింది. తిన్నాను.

నాలుగింటి పాసింజరుకు తిరుగు ప్రయాణం. మహబూబీ హిందూపురంలో దిగుతూ, “మీరు నేర్పింది మంచిదే సార్. నా రిజిస్టరు చినిగిపోతాంది, ఎట్లయినా ఎక్కించాల్సిందే. ఈసారి అంతా ఎక్కిస్తాం” అంది. మీలో ఎవరైనా ఇలా నేర్పడానికి వెళ్తే ఉదయం పాసింజరు అనుకూలం, ఉగ్గాని స్టేషను బయటే తినండి. మొదటి రోజు మాత్రం కంప్యూటరు మీది గుడ్డ తీయకండి. వాళ్ల పక్కన కూర్చొని రిజిస్టరు చదివించుకోండి.

హిందూపురంలో ఎక్కిన ఒక పెద్దాయన నా పక్కన సర్దుకొని కూర్చున్నాడు. మాటల్లో పేరు అడిగితే బాబయ్య అన్నాడు. నేను తల ఎత్తి ఆయన ముఖం సరిగ్గా చూశాను.

“ఏ ఊరు బాబయ్యా? ఏ వీధి? మీ నాయన పేరేమి?” అని అడిగాను.