కాకులు రాని కాలనీ

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో, మా కాలనీ గోడ అవతల చిన్న విమానాశ్రయం ఉంది. అక్కడ విమానం నడపడం నేర్పుతారు. చిన్న విమానాలు పొద్దునా సాయంత్రమూ మా మిద్దెల మీదుగా తిరుగుతుంటాయి. ఒకసారి ఒకటి ఇళ్లు దాటి వేరుశనగ బుడ్డల చేనులో దిగిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు కానీ, విమానాశ్రయాన్ని మూసేయాలా వద్దా అన్న వాదన మాత్రం మొదలైంది. మూసేయాలని అర్జీ రాసి సంతకాలు పెట్టిస్తున్న వాళ్లకు పెద్ద మా పక్కింటి మాస్టరు. రిటైరయ్యాడు. నేను ఆయన్ని మామా అని పిలుస్తాను. మూసేస్తే పనులు పోతాయనే వాళ్లూ కాలనీలో తక్కువేమీ లేరు.

ఈలోగా విమానాశ్రయం వాళ్లు జాగ్రత్తలు పెంచారు. పక్షి తగిలితే ప్రమాదమని, మిద్దెల మీద తిండి పెట్టొద్దన్నారు. టపాకాయలు పేల్చి పక్షులను తరమడానికి ఒక మనిషిని పెట్టారు. కొద్దిరోజుల్లోనే కాలనీలో కాకి అన్నది కనిపించకుండా పోయింది.

నాన్న సంవత్సరీకం వచ్చేనాటికి పరిస్థితి ఇదీ. నాన్న బట్టల కొట్టు నడిపేవాడు. ఇప్పుడిలా ‘నడిపేవాడు’ అని రాయగలుగుతున్నాను కానీ, ఇంట్లో నాన్న గురించి ‘ఉండేవాడు’ అనే మాట అప్పటికింకా నా నోట రాలేదు.

కార్యక్రమం ముగిసి, మంత్రాలు చెప్పిన అయ్యవారు వెళ్లిపోయాడు. ఒక్క పూటే కదా అని మిద్దె మీద ఆకు పెట్టాం. అన్నం, పప్పు, వడలు, పాయసం. కాకి ముట్టేదాకా అమ్మ తినదు. అమ్మకు షుగరు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

“ఆవుకు పెడదాంలేమ్మా. అయ్యవారు కూడా పర్వాలేదన్నాడు.”

“మీ నాయన ఎప్పుడన్నా టయానికి అన్నానికొచ్చినాడా? కొట్టు మూసేదాకా ఎదురుచూసినదాన్ని. ఇప్పుడూ చూస్తా.”

భోజనానికి పిలిచాం కనుక మామ వచ్చాడు. సంగతి విని మిద్దెక్కాడు. “చూసినావా అప్పా? అర్జీలో ప్రాణభయం ఒకటే రాసినాం. ఆకలి సంగతి గూడా రాయాల.”

“ఎవరి ఆకలన్నా? నీదా, నాదా?” అంది అమ్మ.

“ఇద్దరిదీనమ్మా.”

నవ్వుతూనే ఉంది కానీ అమ్మ చేతులు వణుకుతున్నాయి. మజ్జిగ ఇస్తే తోసేసింది. నేను విమానాశ్రయం గేటు దగ్గరికి పరుగెత్తాను. టపాకాయల మనిషి నీడలో కూర్చుని ఉన్నాడు.

“మిద్దె మీద ఆకు పెట్టినారా? పెట్టొద్దని మైకులో చెప్పింది నేనే గదా సార్!”

అమ్మ సంగతి చెప్పి, కాసేపు టపాకాయలు ఆపమని అడిగాను. ఆయన లేచి ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఎండకు విమానాలన్నీ షెడ్డులో ఉన్నాయి, సాయంత్రం దాకా లేవవట.

“ఆపమన్నారు. అయితే ఆకు తీసేదాకా నేనూ ఆడ ఉండాల. లేకుంటే నా ఉద్యోగం పోతాది. ఇంకోటి, కాకులకు నా మీద శానా కోపం సార్. వస్తాయో రావో.”

నా వెంట మిద్దెక్కిన ఆయన్ని చూడగానే మామ, “రా అప్పా, తరిమేటోడే వచ్చినాడు” అన్నాడు.

“మూయించేటోళ్లు గూడా ఈడే ఉండారే.”

“ముందు కాకిని పిలవండి” అంది అమ్మ.

మామ గొంతు సవరించుకుని కావ్ కావ్ అన్నాడు.

“అది కాకి పిలుపు కాదు సార్. పిల్లోళ్లను గదమాయిస్తాండారు” అని టపాకాయల మనిషి తానే అరిచాడు. నేనూ అరిచాను. నాన్న పోయాక అంత గట్టిగా నేను గొంతెత్తింది అదే మొదటిసారి. పక్క మిద్దెల మీదికి జనం వచ్చారు. సంగతి తెలిసి వాళ్లూ మొదలుపెట్టారు. మూసేయాలనే వాళ్లూ, వద్దనే వాళ్లూ కలిసి ఒకే అరుపు.

చివరికి ఒక కాకి వచ్చి నీళ్ల ట్యాంకు మీద వాలింది. అందరం నోళ్లు మూసుకున్నాం. అది మమ్మల్ని కాసేపు చూసింది. దిగి వచ్చి, వడ ముక్క ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. పక్క మిద్దెల మీద చప్పట్లు మోగాయి.

టపాకాయల మనిషి మెతుకు మిగలకుండా ఆకు మడిచి, మిద్దె కడిగాడు. అమ్మ ఆయన్ని తినకుండా పోనివ్వలేదు. ఆయన్నీ మామనూ పక్కపక్కన కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూర్చుంది. నేను వడ్డించాను.

“మా అర్జీలో నువ్వూ ఒక సంతకం పెట్టరాదా?” అన్నాడు మామ.

“పెడితే నాకు కూడెవరు పెడతారు సార్?”

“ఈడికి రా. ఈడ పెడతారు.”

“రోజూ తద్దినం యాడ జరుగుతాది సార్?”

అనేసి ఆయన నాలుక కరుచుకున్నాడు. అమ్మకు నవ్వి నవ్వి పొలమారింది. నేను నీళ్లిచ్చాను. తాగి, ఇంకో గరిటె పప్పు వేయమంది.